గురువారం సూది

విమానం నడపాలనుకునేవాళ్ళ ఆరోగ్యం గురించి తేల్చి చెప్పే ఆఫీసు ఒకటి ఢిల్లీలో ఉంది. దానికి నేను నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగూ రిజిస్టరు పోస్టులోనే పంపాను. అందినట్టు నాలుగు కార్డులు తిరిగొచ్చాయి, గుండ్రటి ముద్రతో, ఎవరో గీకిన సంతకంతో. జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు. వాళ్ళ తరఫున బెంగళూరులో పరీక్షలు చేసే సెంటరుకు రెండు రాశాను. అక్కడి నుంచి కార్డు కూడా రాలేదు. ఈ పత్రికకు ఒకటి రాశాను. వేయలేదు. ఎందుకు వేయలేదని ఫోను చేసి అడిగితే, ఉత్తరం మరీ పొడుగైందండీ అని చెప్పి పెట్టేశారు. అందుకని ఈసారి ఉత్తరం రాయడం లేదు. ఒక మనిషిని గురించి రాస్తున్నాను. ఆ అమ్మాయి పొట్టిదే. పొడుగైందనే మాట ఇక రాకూడదు.

నేనెవరో కూడా చెప్పాలి, ఎవరూ అడగలేదు కాబట్టి. పుంగనూరులో ఒక చిన్న నర్సింగ్‌హోములో ముప్పై ఏళ్ళుగా కాంపౌండరుగా పనిచేస్తున్నాను. డాక్టరుగారి అరవయ్యో పుట్టినరోజున స్టాఫందరినీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు, తోటమాలితో సహా. నేను ఆ సమయంలో లోపల ఎవరికో సెలైన్ పెడుతున్నాను. నన్ను పిలవడం మరిచిపోయారు. మరుసటి రోజు కవర్లో పెట్టి శాలువా ఇస్తే తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోను.

పోయిన వారం కుప్పం నుంచి ఆ అమ్మాయి వాళ్ళమ్మ వచ్చింది. కూతురి ఫోను చీర కొంగులో చుట్టుకుని తెచ్చింది. ఆ ఫోనుకు ఇంగ్లీషులో ఒక మెసేజి వచ్చిందట, ఏముందో చదివి చెప్పమంది. కూతురు పోయి అప్పటికి ఐదు నెలలు. ఫోనును మాత్రం ఆమె రోజూ చార్జింగ్ పెడుతూనే ఉంది. మెసేజి చదివాను. ఆ రోజు ఆమెకు సరిగా చెప్పలేకపోయాను. ఇంటికి పోయి ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆ అమ్మాయి మొదట నా దగ్గరికి వచ్చినప్పుడు పదకొండేళ్ళది. పుంగనూరులో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకునేది. నిన్న మోకాలు వాచిందనీ, ఇవాళ మోచెయ్యి వాచిందనీ, పని ఎగ్గొట్టడానికి వేషాలేమోనని మొదట అనుకున్నామనీ వార్డెనమ్మ చెప్పింది. మదనపల్లెలో గుండె డాక్టరు దగ్గరికి పంపితే సంగతి తేలింది. గొంతునొప్పితో మొదలై, కీళ్ళ మీదుగా గుండెకు చేరే జ్వరం అది. జ్వరం తగ్గినా లోపల ఒక కవాటం సరిగా మూసుకోదు, కొంచెం లీకవుతూ ఉంటుంది. ఆ జ్వరం మళ్ళీ వస్తే లీకు పెరుగుతుంది. రాకుండా ఉండాలంటే ఇరవై ఒక్క రోజులకొకసారి పెన్సిలిన్ సూది వేయాలి, ఏళ్ళ తరబడి. ఆ సూది జబ్బును నయం చేయదు. కావలి కాస్తుంది, అంతే.

ఆ సూది వేయడం అందరికీ రాదు. పొడిలో నీళ్ళు కలిపితే చిక్కటి మజ్జిగలా అవుతుంది. గట్టిగా ఊపితే నురగొస్తుంది, ఊపకపోతే సూదిలో అడ్డం పడుతుంది. సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా తిప్పుతూ ఉండాలి. తర్వాత లావు సూదితో పిరుదుకు చాలా నిదానంగా ఎక్కించాలి. పెద్ద మగవాళ్ళే బల్ల అంచు పట్టుకుని మూలుగుతారు.

"ఏడుస్తావా పాపా?" అని అడిగాను ఆ రోజు.

"ఏడిస్తే బిన్నె అయిపోతాదా?"

"తొందరగా ఏం అయిపోదు."

"మరి యాల ఏడ్సాల?" అని బల్ల మీద బోర్లా పడుకుంది.

రెండోసారి వచ్చినప్పుడు సీసా నా చేతిలోంచి తీసుకుని తనే తిప్పడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి అది ఆమె పని. కళ్ళు మూసుకుని, పెదాలతో ఏదో లెక్కపెడుతూ, రెండు అరచేతుల మధ్య సీసాను దొర్లించేది. తర్వాత తర్వాత అది అలవాటుగా మారింది. చేతికి పెన్ను ఇచ్చినా దొర్లించేది, టీ గ్లాసు ఇచ్చినా దొర్లించేది. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతులు ఆగాయంటే అసలు విషయం చెప్పబోతోందని అర్థం.

మొదటి సూది గురువారం పడింది. ఇరవై ఒకటంటే సరిగ్గా మూడు వారాలు, అందుకని ప్రతిదీ గురువారమే అయింది. ఆమెకు పండగలూ పరీక్షలూ అన్నీ 'నా గురువారానికి ముందు', 'నా గురువారం అయినాక' అనే గుర్తు. నేను ఒక అట్టకు గీతలు గీసి కార్డు చేసిచ్చాను. సూది వేసిన రోజు తేదీ, పక్కన నా సంతకం. కార్డు నిండితే ఇంకొకటి కుట్టి అతికించేది. చివరికి అది మడతలు మడతలుగా పంచాంగమంత అయింది.

హాస్టలు చదువు అయిపోయి కుప్పం వెళ్ళిపోయింది. వాళ్ళది రామకుప్పం దగ్గర పల్లె. కూలి పని వదిలేసి తండ్రి రోజూ రైల్లో బెంగళూరు వైపు ఫ్యాక్టరీకి పోయేవాడు, తల్లి పాల ప్లాంటులో చేరింది, కాపురం కుప్పంలో పెట్టారు. అక్కడే ఇంజనీరింగులో చేరింది. ఇక కుప్పంలోనే వేయించుకోమ్మా అని చీటీ రాసిచ్చాను. మూడు చోట్లకు పోయింది. పెన్సిలిన్ అనగానే ముగ్గురూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆ సూదికి లక్షలో ఒకరికి రియాక్షను వస్తుందేమో, ఆ ఒక్కరు తమ దగ్గరే వస్తారేమోనని భయం. గురువారం మళ్ళీ నా బల్ల దగ్గరే నిలబడింది. పలమనేరు మీదుగా బస్సు మారి, రానూపోనూ ఒక పూటంతా పట్టే దారి. మూడు వారాలకొకసారి అంత దూరం వచ్చింది. నా చేతి మీద నమ్మకంతో వచ్చిందని నేను ఇప్పటికీ అంటాను.

బస్సులో ఇంజను పక్కన ఉండే సీటు తప్ప ఇంకెక్కడా కూర్చునేది కాదు. ఏ గేరు ఎప్పుడు మారుస్తారో, ఎదురు లైట్లు పడితే చూపు ఎక్కడ నిలపాలో డ్రైవర్లను అడిగి తెలుసుకునేది. ఒక గురువారం దారిలో ఏనుగులు రోడ్డు దాటుతున్నాయని బస్సు ఆపేశారు. సాయంత్రం అయిదు దాటాక, నేను తాళం వేస్తుండగా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇంకో రోజు వస్తే కాదా అన్నాను. "శుక్రవారం వేస్తే ఇంక జన్మంతా శుక్రవారమే గదా మామా, నాకు గురువారమే బాగుండాది" అంది. తాళం తీశాను. ఆరోజు డ్రైవరు బస్సును ఎంత మెల్లగా, హారను కొట్టకుండా వెనక్కి తీశాడో సూది గుచ్చుతున్నంతసేపూ చెప్పింది. ఏనుగుల గురించి ఒక్క మాటా చెప్పలేదు.

ఆమెలో ఇంకొకటి ఉంది. ఫారం చేతికొస్తే మనిషి మారిపోయేది. బ్యాంకుదైనా, కాలేజీదైనా, ముందు పెన్సిలుతో నింపి, చదివి, ఆ తర్వాతే పెన్నుతో రాసేది. ఏ గడీ ఖాళీగా వదిలేది కాదు. హాస్టల్లో ఉండగా ఆటల పోటీల ఫారంలో 'ఏమైనా జబ్బులున్నాయా' అని ఉంటే, లేవని రాయమని అందరూ చెప్పారు. ఉన్నాయని రాసింది. పరుగు పందెంలో పేరు తీసేశారు. వచ్చి నాతో చెబితే భుజం తట్టాను. ఫారంలో అబద్ధం రాస్తే అది మన వెనకే తిరుగుతుందని చెప్పాను. మా నాయన నన్ను బడిలో చేర్పించేటప్పుడు పుట్టిన సంవత్సరం తోచింది రాయించాడు. ఆ తేడా వల్ల నాకు సర్కారు ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోయింది. మీరెప్పుడు పుట్టారో ముందు మీరు తేల్చుకుని రండి అని నవ్విన ఆఫీసరు మీసం ఎలా ఉండేదో ఇప్పుడు కూడా బొమ్మ గీసి చూపించగలను. అదంతా ఆమెకు చెప్పాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు చెప్పాను. చెప్పి ఉండకూడదా? ఇప్పుడు ఆ ప్రశ్న కూడా నాకుంది.

ఇంజనీరింగు చివరి ఏడాదిలో ఒక గురువారం సీసా తిప్పుతున్న చేతులు ఆగాయి. ప్రభుత్వం తరఫున కొంతమందిని ఎంపిక చేసి పైలట్ చదువు చదివిస్తారట, మార్కులు సరిపోయాయట, ముందు మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలట.

నేను నవ్వాను. "నువ్వుండేదే పుంగనూరు ఆవంత. పెడళ్ళకు కాళ్ళు అందుతాయా?"

"యాడ్నో కొలతలు రాసింటే సూసి, గోడకు ఆనుకోని కొలుసుకున్నా మామా. అందుతాయి. రెండు వేళ్ళు మిగుల్తా ఉండాయి గూడా."

"గుండె సంగతి?"

"అది వాళ్ళు కొలుస్తారు."

తల్లికీ తండ్రికీ డ్యూటీలు వదులుకునే వీలు లేక, కుప్పంలో రైలెక్కించి బెంగళూరుకు నేనే తీసుకుపోయాను. అక్కడ పరీక్ష చేసిన డాక్టరు మంచివాడే. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఆయన అడగకముందే ఆమె అట్ట కార్డు తీసి బల్ల మీద పరిచింది, పదకొండేళ్ళ గురువారాలు. ఆయన దాన్ని చివరిదాకా చూశాడు. ప్రస్తుతానికి 'తాత్కాలికంగా అన్‌ఫిట్' అని రాస్తున్నాననీ, గుండె డాక్టరు రిపోర్టుతో ఆరు నెలల్లోగా మళ్ళీ ఫారం నింపి పంపితే ఢిల్లీ వాళ్ళు తేలుస్తారనీ చెప్పాడు. 'తాత్కాలికంగా' అనే మాటను ఆమె రెండుసార్లు చదివించుకుంది. అందులోనే ఆశ దొరికింది ఆమెకు.

బయట కౌంటరులో ఆ కొత్త ఫారం ఇచ్చాడు ఒకాయన. అందులో ఒక గడి ఉంది: ప్రస్తుతం క్రమం తప్పకుండా వాడుతున్న మందులు ఏవైనా ఉన్నాయా? అవును, కాదు. దాని మీద వేలు పెట్టి, ఈ సూది మందు కిందికి వస్తుందా, వస్తే ఇక సర్టిఫికెట్ రాదా అని ఆమె అడిగింది. ఆయన తల ఎత్తలేదు. "మందు మీద నడిచేవాళ్ళకు విమానం ఎవరిస్తారమ్మా?" అన్నాడు. మాకు తెలుగు వచ్చని తెలిసే తెలుగులో అన్నాడు. ఇది మీ మాటా, రూలా అని నేను అడిగితే, మీరు లోపల ఉండకూడదు, బయట బెంచీ మీద కూర్చోండి అన్నాడు. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి. గంటసేపు దాని మీద ఊగుతూ కూర్చున్నాను.

మదనపల్లెకు పోయాం. టమోటా క్రేట్ల లారీలు రోడ్డంతా నిలిచి, ఆస్పత్రి చేరేసరికి మధ్యాహ్నమైంది. గుండె స్కానింగులో లీకు ఎనిమిదేళ్ళ కిందట ఎంతుందో అంతే ఉంది, చుక్క పెరగలేదు. ఆయాసం లేదు, ఏ పనికీ అడ్డం లేదని డాక్టరు రాసిచ్చాడు. సూది గురించి అడిగితే, విమానాల రూళ్ళు నాకు తెలియవు, వాళ్ళనే అడగండి అన్నాడు. ఆ మాట న్యాయమైనది. అందుకే వాళ్ళనే అడిగాను.

మొదటి ఉత్తరం మా ఇంటి అరుగు మీద కూర్చుని ఇద్దరం కలిసి రాశాం. ఆమె చెప్పింది, నేను రాశాను. జబ్బు రాకుండా కాపలాగా వేసుకునే సూది, జబ్బుకు వాడే మందుతో సమానమా? అది వేసుకుంటున్నామని రాస్తే అర్హత పోతుందా? అవుననో కాదనో చెప్పండి. అంతే ఉత్తరం. నాకు పొడుగ్గా రాసే అలవాటున్నా, ఆమె కొట్టేయించి కొట్టేయించి మూడు వాక్యాలకు తెచ్చింది. ఆన్‌లైనులో కూడా పెట్టింది. మీ వినతి సంబంధిత విభాగానికి పంపడమైనది అని వచ్చింది.

తర్వాతి గురువారం గుమ్మంలోనే అడిగింది. "వచ్చిందా మామా?"

"రాలేదు."

ఆ పై గురువారమూ అదే ప్రశ్న, అదే జవాబు. గడువులో రెండు నెలలు అయిపోయాయి. ఆ రోజు సీసా తిప్పుతూ, ఇది ఒంట్లో ఎన్ని రోజులుంటుంది అని అడిగింది. మూడు వారాలు, మహా అయితే నాలుగు అన్నాను. అడిగిందానికి చెప్పాను. ఎందుకని తిరిగి అడగలేదు.

మూడు వారాలకు మనిషి రాలేదు, ఫోను వచ్చింది. కుప్పంలోనే ఒక ఆస్పత్రిలో సూది వేస్తామన్నారనీ, ఇకపై అక్కడే వేయించుకుంటాననీ చెప్పింది. అంత దూరం నాకూ కష్టం, నీకూ కష్టం అంది.

నాకు ఏనాడు కష్టమైంది? ఎవరు చెప్పారు కష్టమని? పదకొండేళ్ళు నా చేతి సూది వేయించుకుని, ఒక్క ఫోనుతో చెయ్యి మార్చింది. ఆ ఆస్పత్రి పేరేమిటి, వేసేది ఎవరు, సీసా ఊపుతున్నారా తిప్పుతున్నారా, కాంపౌండరన్నవాడు అడగాల్సినవి ఇవి. నేను "అట్లనే కానీలే" అని ఫోను పెట్టేశాను. ఆ రోజుతో కలిపి ఆమె గురువారాలు నాలుగు గడిచాయి. నాలుగూ నాకు గుర్తున్నాయి. ఆ రోజుల్లో పొద్దున్నే ఆమె సీసా విడిగా తీసి పెట్టి, సాయంత్రం మళ్ళీ పెట్టెలో పెట్టేవాణ్ణి. ఫోను మాత్రం చేయలేదు. తనే చేస్తే మాట్లాడదామనుకున్నాను.

ఫోను వాళ్ళమ్మ చేసింది. పాపకు వారంగా జ్వరం, మోకాళ్ళు వాచాయి, పడుకుంటే ఊపిరాడడం లేదు.

నేను కుప్పం చేరేసరికి మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. దగ్గు మందు సీసాను అరచేతుల మధ్య దొర్లిస్తోంది. మెడ పక్కన నరం కొట్టుకోవడం గుమ్మంలోంచే కనబడింది. సూది ఎక్కడ వేయించుకున్నావు, పేరు చెప్పు, వాళ్ళ సంగతి చూస్తానన్నాను. చేతులు ఆగాయి. దిండు కిందినుంచి అట్ట కార్డు తీసి ఇచ్చింది. చివర నాలుగు వరుసలు ఖాళీగా ఉన్నాయి.

"ఎవురూ ఎయ్యలేదు మామా. నేనే నిలిపేసినా."

కార్డు తిప్పి వెనక కూడా చూశాను.

"ఆ గడిలో 'కాదు' అని రాయాలంటే, రాసే దినానికి కాదు అయ్యుండాల గదా. ఫారంలో అబద్ధం రాయొద్దని నువ్వే గదా చెప్పినావు. ఫారం పంపినాక మళ్ళా నీకాడికే వద్దామనుకున్న్యా. గడువుకు ఇంగ రెండు వారాలే ఉన్నింది."

నాతో ఫోనులో అబద్ధం చెప్పగలిగింది. కార్డు మీద రాయలేకపోయింది. ఆ నాలుగు గడులూ తనే నింపి ఏదో సంతకం గీకి ఉంటే ఎవరికి తెలుస్తుంది? పెన్సిలుతో కూడా రాయలేదు.

"జవాబు వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందని చెప్పి ఉంటే బాగుండేదేమో. రాలేదన్నాను. తల ఊపి మళ్ళీ సీసా దొర్లించడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయాం. కవాటం పూర్తిగా పాడైందనీ, జ్వరం తగ్గితే ఆపరేషను చేయవచ్చనీ చెప్పారు. జ్వరం తగ్గలేదు. పద్దెనిమిదో రోజు పోయింది. ఇరవై రెండేళ్ళు. అది గురువారమా అని కొందరు అడిగారు. కాదు, మంగళవారం.

నింపిన ఫారం ఆమె పుస్తకాల్లో దొరికింది. మిగతా గడులన్నీ పెన్నుతో నింపి ఉన్నాయి. ఆ ఒక్క గడిలో మాత్రం 'కాదు' దగ్గర పెన్సిలు గుర్తు ఉంది, పైన పెన్ను పడలేదు. గడువు చివరిదాకా ఢిల్లీ జవాబు కోసం చూసి, అప్పుడు దిద్దుదామని పెట్టుకుంది కాబోలు. ఈలోగా జ్వరం వచ్చింది.

ఇక పోయిన వారం వాళ్ళమ్మ ఫోనులో తెచ్చిన మెసేజి: "నిర్ణీత గడువులోగా మీ నుంచి ఎటువంటి సమాధానం రానందున మీ దరఖాస్తు మూసివేయడమైనది." మీ నుంచి అట. సమాధానం అట. నేను చదివి, ఫైలు మూసేశామని రాశారమ్మా అని మాత్రం చెప్పాను. ఆమె ఫోను తీసుకుని మళ్ళీ కొంగులో చుట్టుకుంది. లేచి రెండడుగులు వేసి ఆగింది.

"పదకొండేండ్లు ఒక్క దినం లెక్క తప్పనోడివి. ఆ నాలుగుసార్లూ యాల అడగలేదన్నా?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. బస్సు టైమవుతోందని వెళ్ళిపోయింది. ఉత్తరాలకు జవాబివ్వనివాళ్ళ గురించి ముప్పై ఏళ్ళుగా మాట్లాడుతున్నవాణ్ణి, ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి జవాబివ్వకుండా పంపించాను.

కాబట్టి ముందు నా జవాబు నేను ఇక్కడ రాస్తున్నాను, పదిమందీ చదివేలా. అలిగానమ్మా. నా చెయ్యి కాదని ఇంకో చేతికి పోయిందని అలిగాను. అందుకే అడగలేదు. వేరే కారణం లేదు. దీని మీద నీ ఇష్టం వచ్చినట్టు నన్ను అను.

ఇప్పుడు ఢిల్లీ ఆఫీసు వారికి. మీ దగ్గర నా ఉత్తరాలు నాలుగున్నాయి. అందాయని మీరే సంతకం చేశారు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మూడు వాక్యాలే, జవాబుకు అవును, కాదు అని రెండే గడులు. జబ్బు రాకుండా వేసుకునే ఆ సూది, మీ ఫారంలో అడిగిన మందు కిందికి వస్తుందా, రాదా? వేసుకుంటున్నానని నిజం రాసి ఉంటే ఆమెకు సర్టిఫికెట్ ఇచ్చేవారా, ఇవ్వరా? ఇచ్చేవాళ్ళమంటే ఆ మాట కాగితం మీద పెట్టండి, వాళ్ళమ్మకు చదివి వినిపించాలి. ఇచ్చేవాళ్ళం కాదంటే అదీ పెట్టండి. ఇంకెక్కడో ఇంకో పిల్ల ఈ గడి ముందే పెన్సిలు పట్టుకుని కూర్చుని ఉంటుంది.

అందినట్టు కార్డు నాకు వద్దు. సంబంధిత విభాగానికి పంపామనే మాట వద్దు. అవునా, కాదా? చెప్పండి.